పది నిమిషాల మోలామ్

"నీకు అర్థం తెలుసా?" అని అడిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీస్‌కి కార్‌లో ఇరవై అయిదు నిమిషాలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నేను థాయ్‌లాండ్ పల్లెపాటలు వింటాను. ఎవరైనా లిఫ్ట్ అడిగి ఎక్కారంటే రెండో సిగ్నల్ దాటకముందే ఈ ప్రశ్న వేస్తారు. తెలియదు తల్లీ, నాకు ఒక్క ముక్క అర్థం తెలియదు. మీ అమ్మాయి పొద్దస్తమానం కొరియా పాటలు వింటుంటే దాన్ని అడిగావా? జిమ్‌లో స్పానిష్ పాటకి నువ్వు గెంతుతున్నప్పుడు నిన్ను నువ్వు అడుక్కున్నావా? నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అర్థాలు కావాలి.

ఇంట్లోనూ ఇదే గోల. మా ఆయనకి అందులో వినిపించేది ఒక్కటే. "ఆ పీపీ ఎప్పుడు ఆపుతాడు వాడు?" అంటారు. అది పీపీ కాదు, ఖేన్ అని వెదురు గొట్టాలు రెండు వరసలుగా కట్టిన వాద్యమని, ఊపిరి పీల్చినా వదిలినా పలుకుతుందని, అందుకే ఎక్కడా ఆగదని చెప్తే, "అదే నేనూ అంటున్నది, ఆగట్లేదు" అంటారు. కాలేజీకి వెళ్లే మా అమ్మాయి తన వంకర తెలుగులో "అమ్మా, నీకు థాయ్ రాదు కదా, వై?" అని భుజాలు ఎగరేస్తుంది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒక ఆవిడయితే "చైనా పాటలు భలే వెరైటీగా ఉంటాయండీ" అంది. దేశం పేరు సరిదిద్దితే "ఏదో ఒకటి లెండి" అని పులిహోర వైపు తిరిగింది.

దీనంతటికీ మూలం జాకెట్లు. హైదరాబాద్‌లో కుట్టించుకున్న జాకెట్టు ఏదైనా సరే, ఇక్కడికి వచ్చి పెట్టె తెరిచేసరికి అది ఇంకెవరిదో కొలతకి ఉంటుంది. మా ఊళ్లో డ్రై క్లీనర్స్ షాపు వెనక గదిలో ఒక థాయ్ ఆవిడ బట్టలు సరిచేసి ఇస్తుంది. మన జాకెట్లు విప్పి చూసి, విప్పి చూసి, తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లందరికీ ఆవిడే దిక్కు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్క అని పిలుస్తాను. ఆమె నన్ను నోంగ్ అంటుంది, వాళ్ల భాషలో చెల్లి అని. మిగతాదంతా ఇద్దరం ఇంగ్లీషులోనే, చెరో రకం ఇంగ్లీషులో.

ఆ వెనక గదిలోకి మొదటిసారి వెళ్లింది పోట్లాటకే. గురువారం ఇస్తానన్న జాకెట్టు శనివారానికి కూడా కాలేదు. సాయంత్రం గృహప్రవేశానికి వెళ్లాలి. కౌంటర్ మీద గంట కొట్టి, కొట్టి, ఎవరూ రాకపోతే కోపంగా వెనక గదిలోకి నడిచాను. మిషన్ చప్పుడు మధ్య ఎవరో పాడుతున్నారు. ఒక్క పలుకుని పట్టుకుని గొంతు ఎక్కడో పైకి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, వణుకుతూ కిందికి జారింది. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. రేడియో అనుకున్నాను. గది మూలలన్నీ చూశాను. మిషన్ మీద వంగి ఉన్న ఆవిడే పాడుతోంది.

జాకెట్టు కాలేదు. గృహప్రవేశానికి చుడీదార్‌తో వెళ్లాను. సోమవారం పనేమీ లేకపోయినా మళ్లీ ఆ షాపుకి వెళ్లాను.

ఆ తరవాత రెండేళ్లు శనివారం పొద్దున్నల్లో చాలా భాగం ఆ గదిలోనే కూర్చున్నాను. ఆమెది థాయ్‌లాండ్‌కి ఈశాన్యాన ఉన్న ఈసాన్ అనే ప్రాంతం. వానాధారం, వరి, ముద్దకట్టే అన్నం, కారం, పులుపు. పాటల్లో తేడాలు ఆమే చెప్పింది. లూక్ తుంగ్ అంటే పొలాల బిడ్డ అని అర్థమట. పల్లె నుంచి బ్యాంకాక్ వెళ్లి ఇళ్లల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల బెంగలన్నీ వాటిలో ఉంటాయి. ట్రంపెట్లు, డ్రమ్ములు, తళుకుల బట్టల డాన్సర్లు అన్నీ ఉంటాయి కానీ, మధ్యలో గొంతు మాత్రం ఏడుపు ఆపుకుంటున్న పల్లెటూరి గొంతే. మోలామ్ దానికంటే పాతది. ఒక ఖేన్, ఒక గొంతు, ఒక కథ. మొదట "ఓ... లా... నో..." అని ఒక పొడుగాటి పిలుపు. ఆ పిలుపు అయ్యాకగాని కథ మొదలుకాదు. ఆమె పదిహేనో ఏట నుంచి ఇరవై రెండో ఏట దాకా గుళ్ల జాతరల్లో మోలామ్ పాడింది. పెళ్లయ్యాక మానేసింది. ఆ తరవాత ఆమె పాట విన్నది కుట్టుమిషనూ, ఇస్త్రీ టేబులూ, ఈ మధ్య నేనూ.

ఒకసారి నా చేతి కొలత తీసుకుంటూ మామూలుగా చెప్పింది, మెడలో గడ్డ ఉందని. థైరాయిడ్. ఏప్రిల్‌లో ఆపరేషన్. గొంతుని నడిపే నరం ఆ గడ్డని ఆనుకునే ఉందట. చాలామందికి ఏమీ కాదు, కానీ గడ్డ పెద్దది కాబట్టి మాట మిగిలినా పై గొంతు పోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడట.

"మాట్లాడటానికి బాధ లేదు నోంగ్, నేనేం పెద్దగా మాట్లాడను" అంది. "ఒక్కసారి మైక్ ముందు నిలబడి జనానికి పాడాలని ఉంది. మొదటి నుంచి చివరిదాకా. పాడి ముప్పై ఏళ్లు దాటింది."

ఇక్కడ వాళ్ల థాయ్ గుడిలో జాతర ఆగస్టులో. ఆపరేషన్ ఏప్రిల్‌లో. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఉగాది ప్రోగ్రాం ఉందిగా!" అన్నాను. ఇలా మాట ఇచ్చేయడం నాకు అలవాటు.

మా తెలుగు సంఘం కల్చరల్ సెక్రటరీకి ఫోన్ చేశాను. మంచి కుర్రాడే, పాపం, నలభై దాటిన కుర్రాడు.

"థాయ్ పాటా అక్కా? మన ఉగాదికా?"

"పోయినసారి భాంగ్రా చేయించావుగా మన ఉగాదికి?"

"అది ఎనర్జీ ఐటమ్ కదక్కా. పోనీ ఇది సినిమా పాటేనా?"

"కాదు."

"వెనకాల డాన్సర్లన్నా ఉంటారా? లేకపోతే జనం లేచి సమోసాలకి వెళ్లిపోతారు."

"వెళ్లనీ. వెళ్లేవాళ్లకి ఏం పాడినా ఒకటే."

అటు నుంచి నిట్టూర్పు. "సరే అక్కా, నీ మాట కాదనలేను. పది నిమిషాలు స్లాట్. స్ట్రిక్ట్. స్కూల్ ఆడిటోరియం ఏడింటికి ఖాళీ చేసేయాలి, తాళాలేసే కస్టోడియన్ ఒక్క నిమిషం కూడా ఊరుకోడు."

అక్క పాట నలభై నిమిషాలది. గుళ్లో అయితే ఒక్కోసారి తెల్లారేదాకా సాగుతుందట. పది నిమిషాలనగానే ఆమె మొహం చిన్నబోయింది. అయినా కాగితం తీసుకుని కూర్చుంది. నీళ్లకి వెళ్లిన పిల్ల దారిలో బండి తోలుకుపోయే మనిషితో కబురు పంపే కథ. బండి వర్ణన కొట్టేసింది. వాన కొట్టేసింది. తల్లి తిట్లు కొట్టేసింది. మూడు వారాలు రోజూ షాపు మూశాక ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పాడింది. ఆ రోజు వచ్చి ఖేన్ వాయించడానికి మనిషి దొరకలేదు. గుడికి వచ్చే ఒకాయన చేత రికార్డు చేయించుకుంది. చివరికి తొమ్మిదిన్నర నిమిషాలకి తెచ్చింది. "మిగిలిన అరనిమిషం నీది" అంది నవ్వుతూ. "మీ భాషలో నా గురించి ఒక మాట చెప్పు."

ప్రోగ్రాం రెండింటికి అన్నారు. మూడుంపావుకి దీపం వెలిగించారు. అంటే వెలిగించినట్టు నటించారు, స్కూల్లో నిప్పు కూడదు కాబట్టి. పంచాంగ శ్రవణం తొందరగానే అయింది. ఆ తరవాత స్పాన్సర్లు. ఇళ్లు అమ్మిపెట్టే ఆయన స్లైడ్లు చూపించాడు. వాటిలో ఆయన కుటుంబం మొత్తం ఉంది. తరవాత పిల్లల డాన్సులు. ఒక్కో డాన్సుకీ తల్లిదండ్రులు లేచి స్టేజీ ముందుకి వచ్చి ఫోన్లు పైకి పెట్టడం, వెనకవాళ్లు కూర్చోండి కూర్చోండి అని అరవడం, తమ పిల్ల ఐటమ్ అయిపోగానే ఆ అరిచినవాళ్లే కోట్లు వేసుకుని బయటికి నడవడం. ఇదంతా నాకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, పద్దెనిమిదేళ్లుగా తిట్టుకుంటున్నాను. కానీ ఆ రోజు నాతో అక్క వచ్చింది.

ఆమె గ్రీన్ రూమ్‌లో, మేకప్ వేసుకుంటున్న పాతికమంది పిల్లల మధ్య, ఒక మూల కుర్చీలో నిటారుగా కూర్చుంది. వాళ్ల ఊరి నేత పట్టు పావడా, మెడలో గడ్డ కనిపించకుండా కండువా. ఒళ్లో చిన్న పళ్లెం, పళ్లెంలో పూలు, బ్యాటరీ కొవ్వొత్తి. పాడేముందు గురువుకి మొక్కాలట. గురువు పోయి చాలా ఏళ్లయింది. మా కాగితం ప్రకారం ఆమె వంతు నాలుగూ నలభైకి. అయిదింటికి ఒకసారి మొక్కుకుంది. అయిదున్నరకి పిలుస్తున్నారంటే మళ్లీ మొక్కుకుంది. పిలవలేదు. మా సెక్రటరీ దగ్గరికి వెళ్లి నేను నాలుగుసార్లు పోట్లాడాను. నాలుగుసార్లూ "నెక్స్ట్ మీదే అక్కా" అన్నాడు. మంచినీళ్లు గొంతు తడుపుకునేంత తాగుతూ ఆమె నాకే సర్దిచెప్పింది, "జాతరల్లో కూడా ఇంతే నోంగ్" అని.

ఆరూ నలభైకి పిలిచారు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్లు బిర్యానీ లైన్ ఎప్పుడు మొదలవుతుందా అని తలుపు వైపు చూస్తున్నారు. ఆమె స్టేజీ మధ్యకి వచ్చి చేతులు జోడించి నిలబడింది. పరిచయం చేయడానికి నేను మైక్ అందుకున్నాను.

థాయ్‌లాండ్ ఎక్కడుందో చెప్పాను, చైనా కాదని కూడా చెప్పాను. ఈసాన్ గురించి చెప్పాను. వాళ్ల వరి నాట్లకీ మన వరి నాట్లకీ తేడా లేదని, అర్థం తెలియని పాటని విని ఆనందించడం తప్పు కాదని చెప్పాను. ముందు వరసలో ఒకాయన ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. అది చూసి ఒళ్లు మండి, కళని గౌరవించడం గురించి ఇంకో రెండు మాటలు అన్నాను. పక్క నుంచి సెక్రటరీ చెయ్యి ఊపాడు. సినిమా డాన్సులకి లేని టైము గొడవ దీనికే వచ్చిందా అని అదీ మైక్‌లోనే అడిగేశాను. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో నన్ను కార్‌లో, పాట్‌లక్‌లో, ఇంట్లో అడిగినవాళ్లందరికీ ఒకేసారి జవాబు దొరికినట్టయింది. మైక్ ఆమె చేతికిచ్చి దిగినప్పుడు నాకు హాయిగా ఉంది.

అక్క కళ్లు మూసుకుంది. ఖేన్ రికార్డు మొదలైంది. "ఓ..." అంది.

ఆ గొంతు వెనక గదిలో వేరు, హాల్లో వేరు. కుట్టుమిషన్ దగ్గర అది ఎప్పుడూ కొంచెం తగ్గి ఉండేదని ఆ రోజే తెలిసింది. తలుపు దగ్గరున్నవాళ్లు వెనక్కి తిరిగారు. పిల్లల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మూడో వరసలో కునికిపాట్లు మాని తలెత్తింది. క్రికెట్ ఆయన ఫోన్ దించాడు. పిలుపు పైకి వెళ్లి, అక్కడ నిలబడి, కిందికి దిగుతుండగా సెక్రటరీ ఇంకో మైక్‌తో చప్పట్లు కొడుతూ స్టేజీ మీదికి వచ్చేశాడు.

"వండర్‌ఫుల్! వండర్‌ఫుల్! గట్టిగా చప్పట్లు! టైము లేదు కాబట్టి ఇక్కడితో... వీరిని శాలువాతో సత్కరించవలసిందిగా మన స్పాన్సర్ గారిని కోరుతున్నాను."

ఆమెకి ఏం జరుగుతోందో తెలియలేదు. ఆగింది. ఖేన్ మాత్రం స్పీకర్లలో ఇంకా మోగుతూనే ఉంది. ఇళ్లమ్మే ఆయన వచ్చి శాలువా కప్పాడు. ఫోటో కోసం మళ్లీ కప్పాడు. మెమెంటో ఇచ్చారు. కమిటీ అంతా వచ్చి నిలబడ్డారు, ఇంకొకరు రావాలని ఆగారు. ఆమె అందరికీ చేతులు జోడించి నవ్వుతూనే ఉంది. మన వాళ్లకి పాట వినడానికి తీరిక లేకపోవచ్చు కానీ శాలువా కప్పడానికి ఎప్పుడూ ఉంటుంది.

కార్‌లో ఆమె శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది. జరీ అంచు కుట్టు ఎలా ఉందో వేలితో చూసింది. "పెద్ద హాలు" అంది ఒకసారి. ఆమెని ఇంటి దగ్గర దింపాక నాకు పట్టపగ్గాల్లేవు. సెక్రటరీని తిట్టాను, స్పాన్సర్‌ని తిట్టాను, కస్టోడియన్‌ని, క్రికెట్‌ని, భాంగ్రాని, మొత్తం తెలుగు జాతిని తిట్టాను. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా సంఘం వాట్సాప్ గ్రూప్‌లో ఇంత పొడుగు మెసేజ్ పెట్టాను. పదిహేడుమంది బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు.

మా ఆయన నేను అలసిపోయి కూర్చున్నాక తన ఫోన్ నా చేతిలో పెట్టారు. మొత్తం వీడియో తీశారట, ఆమెకి పంపిద్దామని.

"ముందు ఇది చూడు. తిట్లు తరవాత."

వీడియో తొమ్మిది నిమిషాలు. అందులో ఎనిమిదింపావు నిమిషాలు నేనే. చెయ్యి తిప్పుతూ, ముక్కుపుటాలు ఎగరేస్తూ, వరి నాట్ల గురించి. వెనకాల అక్క చేతులు జోడించుకుని నిలబడి ఉంది. మొదట్లో నవ్వు మొహంతో నా వైపు చూస్తోంది. మూడో నిమిషంలో ఒకసారి గోడ గడియారం వైపు చూసింది. ఆరో నిమిషంలో చేతులు దించేసింది. పెదాలు కదులుతున్నాయి. పాటలో ఇంకా ఏవి కొట్టేయాలో లెక్క చూసుకుంటోందని నాకు అప్పుడు తట్టింది. చివరన నలభై సెకన్లు పిలుపు. కథలో ఒక్క మాట కూడా లేదు.

నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఇంకో కారణం వెతుక్కోవడానికి లేదు. వాట్సాప్ మెసేజ్ తీసేశాను. తీసేసినా "ఈ మెసేజ్ తొలగించబడింది" అని అక్కడ ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం ఫోన్ చేసి మా ఇంటికి రమ్మన్నాను, ఫ్రెండ్స్‌ని పిలుస్తాను, మొత్తం నలభై నిమిషాలూ పాడు అన్నాను. బుధవారమే ఆపరేషన్. ఆమె నవ్వింది. "ఇంట్లో రోజూ పాడతాను నోంగ్. అది వేరు." పైగా సెలవు పెట్టేలోపు ఇచ్చేయాల్సిన జాకెట్లు చాలా ఉన్నాయంది. అవి ఎవరివో నేను అడగలేదు. అన్నీ మనవాళ్లవే.

మే నెల మొదట్లో షాపు మళ్లీ తెరిచిందని తెలిసి వెళ్లాను. మిషన్ నడుస్తోంది, ఫోన్‌లో లూక్ తుంగ్ సన్నగా వినిపిస్తోంది, పాడేది ఎవరో గాయని. అక్క తలెత్తి నవ్వింది. మెడ మీద సన్నటి గీత. గడ్డలో చెడ్డదేమీ లేదట, అది మాత్రం దేవుడి దయ. మాట వస్తోంది, కొంచెం బొంగురు. పైకి మాత్రం వెళ్లడం లేదు. పొద్దున్నే పిలుపు ఒకసారి ప్రయత్నించిందట, మధ్యలోనే విరిగిపోతోందట. కొన్ని నెలల్లో రావచ్చు, రాకపోవచ్చు అన్నారట. ఇదంతా ఎవరి జాకెట్టు గురించో చెప్తున్నట్టే చెప్పింది.

"ఆ రోజు వీడియో ఉందా?" అని అడిగింది.

మా అమ్మాయి చేత నా భాగమంతా కత్తిరించి, నలభై సెకన్ల ముక్క తయారుగా పెట్టుకున్నాను. అదే చూపించాను. తన గొంతు విని ఆమె మిషన్ మీద చెయ్యి అలాగే ఆపేసింది. అయిపోయాక తలెత్తింది.

"నువ్వెక్కడ?"

"నా మాటలు తీసేశాను. అనవసరం."

"మొత్తం పెట్టు" అంది. "నీ పక్కనే అంతసేపు నిలబడ్డాను. అందరూ నిన్నూ నన్నూ చూస్తున్నారు. ఏం చెప్తున్నావో అని అప్పటి నుంచి అనుకుంటున్నాను."

మొత్తం పెట్టక తప్పలేదు. ఎనిమిదింపావు నిమిషాలూ ఆమె పక్కనే, ఆ చిన్న బల్ల మీద కూర్చుని, నన్ను నేను భరించాను. ఎక్కడా ముందుకి జరపనివ్వలేదు. మధ్యలో ఒక కస్టమర్ వచ్చి గంట కొడితే ఆగమని చెయ్యి చూపించింది. తన పిలుపు మళ్లీ వచ్చి, మళ్లీ తెగిపోయాక, ఫోన్ నా వైపు తిప్పింది.

"ఇప్పుడు చెప్పు. ఏమన్నావు?"

చెప్పబోతే ఇంగ్లీషులో ఒక్క వాక్యమే వచ్చింది. "ఈవిడ పాట వినండి అన్నానక్కా."

"ఇంతసేపూనా?"

"ఇంతసేపూ."